యూనిఫాం వేసుకున్నాక ఏ హక్కు ఎంతవరకు? జవాన్లకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ ఒక పాత హెడ్ క్లర్క్ చెప్పే దారి

నేను ఆర్మీలో క్లర్కుగా చేరి సుబేదార్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం యూనిట్ ఆఫీసులోనే గడిచింది. సెలవు అర్జీలు, పార్ట్ టూ ఆర్డర్లు (పెళ్లి లాంటి మార్పుల్ని సర్వీసు రికార్డుకెక్కించే కాగితాలు), కంప్లైంట్లు, ఊళ్ల నుంచి వచ్చే కోర్టు నోటీసులు అన్నీ నా టేబుల్ మీదుగానే పోయేవి. ఇప్పుడు గిద్దలూరు దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి మిలిటరీకి పోయిన పిల్లలు చాలామంది. ఏదైనా చిక్కు వస్తే వాళ్లో, వాళ్ల అమ్మానాన్నలో నా దగ్గరికి వస్తారు. వాళ్లలో సగం మందికి తమకు ఏ హక్కు లేదో తెలియదు. మిగతా సగం మంది తమకు అసలు ఏ హక్కూ లేదనుకుని నోరు మూసుకుని కూర్చుంటారు. రెండూ నష్టమే. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి నాలుగు మాటల్లో. రాజ్యాంగంలో 33వ అధికరణం ఉంది. సైన్యంలో పనిచేసేవాళ్లకు ప్రాథమిక హక్కులు ఎంతవరకు వర్తించాలో పార్లమెంటు చట్టం చేసి నిర్ణయించవచ్చని అది చెబుతుంది. డ్యూటీ సక్రమంగా జరగడానికీ, క్రమశిక్షణ నిలబడడానికీ ఆ వెసులుబాటు ఇచ్చారు. దాని కింద ఆర్మీకి 1950 ఆర్మీ చట్టం, ఎయిర్‌ఫోర్స్‌కు 1950లోనే వాళ్ల చట్టం, నేవీకి 1957 చట్టం వచ్చాయి. ఆర్మీ చట్టం సెక్షన్ 21 మూడు హక్కుల మీద చెయ్యి వేసింది: సంఘాల్లో చేరడం, మీటింగులకూ ఊరేగింపులకూ పోవడం, పత్రికలకు ఎక్కడం. వాటి వివరాలు 1954 ఆర్మీ రూల్స్‌లో 19, 20, 21 నంబర్లలో ఉన్నాయి. ఈ మూడు రూల్సూ ఒక పేజీలో సరిపోతాయి. యూనిట్ ఆఫీసులో అడిగి ఒక్కసారి చదువుకోండి.

1982లో లెఫ్టినెంట్ కల్నల్ పృథీపాల్ సింగ్ బేదీ కేసులో సుప్రీంకోర్టు ఈ ఆంక్షలు చెల్లుతాయంది. సైన్యంలో చేరినంత మాత్రాన మనిషి పౌరుడు కాకుండా పోడని కూడా అదే తీర్పులో చెప్పింది. కోర్ట్ మార్షల్ (సైన్యం లోపలి నేర విచారణ కోర్టు) మీద ఒక్క అప్పీలు కూడా లేకపోవడం పెద్ద లోపమని ఎత్తి చూపింది. ఆ లోపం పూడ్చడానికి పాతికేళ్లు పట్టింది. దాని సంగతి చివర్లో చెబుతాను.

సంఘాలు, కమిటీలు, ఊరి ఎన్నికలు

సెలవు మీద ఊరికొచ్చిన జవాను మొదట ఇరుక్కునేది ఇక్కడే. మిలిటరీవాడంటే ఊళ్లో గౌరవం ఉంటుంది కాబట్టి రామాలయం కమిటీలో పేరు వేస్తామంటారు, కుల సంఘానికి గౌరవాధ్యక్షుడిగా ఉండమంటారు, హీరో అభిమాన సంఘం ఫ్లెక్సీలో ఫొటో పెడతామంటారు. రూల్ 19 ప్రకారం సైన్యం గుర్తించని ఏ సంస్థలోనూ కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా చురుగ్గా పాల్గొనకూడదు. దేవుడి పనికి, ఆటపాటలకు సంబంధించినదైతే పై అధికారి ముందుగా రాతపూర్వకంగా అనుమతిస్తే చాలు. కాబట్టి రామాలయం కమిటీకి దారి ఉంది. అర్జీ పెట్టి, సంతకమైన కాగితం చేతికొచ్చాక పేరు వేయించుకోండి. కుల సంఘానికి మర్యాదగా వద్దని చెప్పండి. రిటైరయ్యాక వస్తానంటే ఎవరూ నొచ్చుకోరు.

రూల్ 20 ఇంకా గట్టిది. పార్టీ మీటింగుకు వెళ్లకూడదు, మాట్లాడకూడదు, పార్టీకి చందా కూడా ఇవ్వకూడదు. కండువా కప్పించుకుని ఫొటో దిగితే ఆ ఫొటోయే సాక్ష్యం. వాట్సాప్‌లో పార్టీ గ్రూపులో ఎవరైనా చేర్చినా వెంటనే బయటకు రండి.

మరి భార్య సర్పంచ్‌గా పోటీ చేస్తే? ఆమె ఆర్మీ చట్టం కిందికి రాదు, నిక్షేపంగా చేయవచ్చు. జవాను మాత్రం ఇంటింటికీ తిరిగి ఓటడగకూడదు. ఫ్లెక్సీ మీద యూనిఫాంలో ఉన్న భర్త ఫొటో అసలే వేయకూడదు. సైనికుల ఫొటోలు ప్రచారానికి వాడొద్దని ఎన్నికల సంఘం 2013లో పార్టీలకు రాసింది, 2019లో మళ్లీ గుర్తు చేసింది. ఫ్లెక్సీ వేసేది బావమరిదో, ఊరి కుర్రాళ్లో అయినా యూనిట్‌లో సంజాయిషీ చెప్పుకోవాల్సింది జవానే. నామినేషన్ వేసే రోజే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఓటు హక్కు మాత్రం ఎక్కడికీ పోలేదు. దాన్ని వదులుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఫారం 2 నింపి, ఇంకెక్కడా సాధారణ ఓటరుగా పేరు లేదని డిక్లరేషన్ జతచేసి యూనిట్ ద్వారా పంపితే సొంతూరి జాబితా చివరి భాగంలో సర్వీసు ఓటరుగా పేరు ఎక్కుతుంది. మీతో పాటు పోస్టింగ్ చోట ఉండే భార్య పేరు కూడా అందులోనే వేయించవచ్చు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలప్పుడు బ్యాలెట్ ఆన్‌లైన్‌లో యూనిట్‌కు వస్తుంది. ప్రింటు తీసి, ఓటు గుర్తు పెట్టి, డిక్లరేషన్ మీద అధికారి అటెస్టేషన్ చేయించి పోస్టులో పంపాలి. లెక్కింపు మొదలయ్యేలోపు కవరు రిటర్నింగ్ అధికారికి చేరాలి, లేకపోతే లెక్కలోకి రాదు. కొండల మీద పోస్టు ఆలస్యమవుతుందనుకుంటే ప్రాక్సీ పెట్టుకోవచ్చు. ఆ నియోజకవర్గంలో ఉండే తండ్రినో, తమ్ముణ్నో నియమిస్తే వాళ్లు బూత్‌కు పోయి మీ తరఫున ఓటేస్తారు. ప్రాక్సీకి సిరా ఎడమచేతి మధ్యవేలికి పెడతారు కాబట్టి వాళ్ల సొంత ఓటుకు ఇబ్బంది ఉండదు.

ఫోను, వీడియో, పత్రిక

సర్వీసు విషయం మీద గానీ, రాజకీయం మీద గానీ అనుమతి లేకుండా పత్రికకు రాయకూడదు, పుస్తకం వేయకూడదు, ఉపన్యాసం ఇవ్వకూడదు. ఇది 1954 నాటి మాట. ఇప్పుడు ప్రతివాడి జేబులో ఒక పత్రిక ఉంది. 2020 జులైలో ఆర్మీ 89 యాప్‌లు తీసేయమని ఆదేశించింది, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా వాటిలో ఉన్నాయి. లెఫ్టినెంట్ కల్నల్ పి.కె. చౌధరి దాని మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. ఆగస్టు 5న కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. అంటే వ్యక్తిగత ఖాతా నా ఇష్టమనే వాదన అక్కడ నిలబడలేదు. ఈ ఆదేశాలు అప్పుడప్పుడు మారుతుంటాయి. పక్కవాడి ఫోన్‌లో ఏముందో చూసి నిర్ణయించుకోకండి, మీ యూనిట్‌లో తాజాగా చదివి వినిపించిన ఆర్డరు ఏం చెబితే అదే.

ఇంత కట్టుదిట్టం ఎందుకో మన విశాఖపట్నమే చూపించింది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు, కేంద్ర ఏజెన్సీలు కలిసి 7గురు నేవీ సిబ్బందిని అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేరుతో పరిచయం పెంచుకుని ఓడల కదలికల సమాచారం పాకిస్థాన్‌కు లాగారన్నది కేసు. ఆ వెంటనే నేవీ తన స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లనూ ఫేస్‌బుక్‌నూ నిషేధించింది. ఇంట్లోవాళ్లు కూడా ఇది పట్టించుకోవాలి. "మా ఆయనకు ఫలానా చోటికి పోస్టింగ్, ఫలానా రోజు రైలు" అని స్టేటస్ పెట్టే అలవాటు మానేయండి.

తిండి బాగాలేదని వీడియో తీసి పెడితే? 2017 జనవరిలో ఒక బీఎస్ఎఫ్ జవాను అదే చేశాడు, దేశమంతా చూసింది. ఏప్రిల్‌లో అతన్ని సర్వీసు నుంచి తీసేశారు. అతను చెప్పింది నిజమా కాదా అనేదాని మీద నేను తీర్పు చెప్పను. బువ్వ బాగాలేదని చెప్పే హక్కు జవానుకు ఉంది. దానికి దారి వేరే ఉంది.

కంప్లైంట్ పెట్టే పద్ధతి

ఆర్మీ చట్టం సెక్షన్ 26 జవానుకూ, జేసీఓకూ (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసరుకూ) ఫిర్యాదు చేసే హక్కు ఇస్తుంది. ఏ అధికారి కింద ఉన్నారో ఆయనకు చెప్పాలి. ఫిర్యాదు ఆయన మీదే అయితే ఆ పై అధికారికి. చిన్న విషయాలైతే రోల్ కాల్‌లో గానీ, సీనియర్ జేసీఓకు గానీ చెబితే తీరిపోతాయి. సైనిక్ సమ్మేళన్‌లో (యూనిట్ అంతా కూడే సభలో) సీఓ సాబ్, అంటే కమాండింగ్ ఆఫీసర్, "ఎవరికైనా ఏదైనా ఉందా?" అని అడిగేది ఊరికే కాదు. అక్కడ లేచి మాట్లాడిన జవాన్లకు పని జరగడం నేను కళ్లారా చూశాను. అప్పటికీ తీరకపోతే సీఓ ఇంటర్వ్యూకు అర్జీ పెట్టాలి.

అర్జీ ఎలా ఉండాలంటే: పైన నంబరు, ర్యాంకు, పేరు, కంపెనీ. కింద ఒకే విషయం. ఏ తేదీన ఏం జరిగింది, ఎవరికి ఎప్పుడు చెప్పారు, వాళ్లు ఏమన్నారు, ఇప్పుడు మీకు ఏం కావాలి. అంతే. "నన్ను మొదటి నుంచీ పగబట్టారు" లాంటి మాటలు రాయకండి. అబద్ధమని తెలిసీ నింద వేస్తే సెక్షన్ 56 కింద అది మీ మీదే నేరమవుతుంది. హిందీలోనో ఇంగ్లిషులోనో రాయలేకపోతే ముందు తెలుగులో రాసుకోండి, తర్వాత తెలిసినవాళ్ల చేత మార్పించుకోండి. మనసులో ఉన్నది సొంత భాషలో కాగితం మీద పడితేనే తేదీలు సరిగ్గా గుర్తొస్తాయి. ఇచ్చిన ప్రతి కాగితానికీ ఒక కాపీ, దాని మీద తీసుకున్నవాళ్ల సంతకం, తేదీ మీ దగ్గర ఉండాలి.

రెండు పనులు మాత్రం ఎప్పుడూ చేయొద్దు. పేరు లేని ఉత్తరం రాయొద్దు. పదిమంది కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టొద్దు. బయట యూనియన్లలో అది మామూలే గానీ, ఇక్కడ అది గుంపు కట్టడం కిందికి వస్తుంది, తిరుగుబాటు సెక్షన్ 37 దాకా లాగే ప్రమాదం ఉంది. పదిమందికీ ఒకే బాధ ఉంటే పదిమందీ పది అర్జీలు వేరువేరుగా ఇవ్వాలి.

దారి తప్పితే ఏమవుతుందో చెప్పడానికి రంజిత్ ఠాకూర్ కేసు చాలు. ఆయన సిగ్నల్ రెజిమెంట్‌లో సిగ్నల్‌మ్యాన్. వరస దాటి పైఅధికారులకు నేరుగా విన్నపం పంపినందుకు 1985లో 28 రోజుల శిక్ష వేశారు. ఆ శిక్షలో ఉండగా భోజనం చేయమంటే చేయలేదని మళ్లీ సమ్మరీ కోర్ట్ మార్షల్ (కమాండింగ్ ఆఫీసరే నడిపే క్లుప్త విచారణ) పెట్టి, ఏడాది జైలు, డిస్మిసల్ వేశారు. మొదటి శిక్ష వేసిన అధికారే రెండో విచారణలోనూ కూర్చున్నాడు. 1987లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. విచారణ చేసేవాళ్ల మీద అభ్యంతరం ఉందా అని నిందితుణ్ని అడగాలని సెక్షన్ 130 చెబుతుంది. ఆ ప్రశ్న అడగలేదు. పైగా తప్పుకు మించిన శిక్ష పడింది. చివరికి ఆయన గెలిచాడు, కానీ ఒక అర్జీ వరస తప్పి పంపిన చోట మొదలై ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చింది.

సెలవు

జవాన్లకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు అని లెక్క. అగ్నివీర్‌లకు 30 రోజులే. అయితే సెలవును హక్కుగా అడగలేరు. సర్వీసు అవసరాలు చూసి ఇస్తారు, అవసరమైతే మధ్యలో వెనక్కి పిలుస్తారు. అందుకే చెల్లెలి పెళ్లికి ముహూర్తం పెట్టుకునే ముందే అర్జీ పడాలి. "నాన్నకు బాగాలేదు" అని రాస్తే లాభం లేదు. "మా నాన్నకు ఫలానా తేదీన కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషన్, ఇంట్లో అమ్మ తప్ప ఎవరూ లేరు, డాక్టరు కాగితం జత చేశాను" అని రాయండి. సెలవు ఇచ్చే అధికారికి మీ ఇల్లు కళ్లకు కట్టాలి.

సెలవు దాటిపోవడం చాలా ప్రమాదం. సెక్షన్ 39 కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. 30 రోజులు కనపడకపోతే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (ఏం జరిగిందో తేల్చే సైనిక విచారణ బృందం) కూర్చుంటుంది. మా మేనల్లుడు ఒకసారి సెలవులో ఉండగా డెంగ్యూతో పడిపోయాడు. రేపు బయల్దేరాలనగా ఫోను: "మామా, లేచి నిలబడలేకపోతున్నా, నన్ను భగోడా (పారిపోయినవాడు) అని రాసేస్తారా?" వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. సెలవు ముగియకముందే, ఇంకా లీవు సర్టిఫికెట్ చెల్లుతుండగానే యూనిట్‌కు ఫోన్ చేయాలి. ఎవరితో మాట్లాడారో పేరు, టైము రాసుకోవాలి. అదే విషయం ఈమెయిలో, స్పీడ్ పోస్టో పంపి రసీదు దాచుకోవాలి. సర్కారీ డాక్టరు సర్టిఫికెట్ తీసుకోవాలి. కదలగలిగిన రోజే దగ్గర్లోని మిలిటరీ ఆసుపత్రికి పోయి రిపోర్టు చేయాలి. మనవైపు సికింద్రాబాద్‌లో ఉంది, నేవీవాళ్లకు విశాఖలో ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి ఉంది. రైలు తప్పిపోయినవాళ్లు సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎంసీఓ (సైనికుల ప్రయాణాలు చూసే ఆఫీసు) దగ్గర రిపోర్టు చేసి కాగితం మీద రాయించుకోవాలి. వాడు ఇవన్నీ చేశాడు, మర్యాదగా మళ్లీ డ్యూటీలో చేరాడు. భయపడి ఫోన్ ఆఫ్ చేసుకుని ఇంట్లో పడుకునేవాళ్లకే కేసులవుతాయి.

మాల, గడ్డం, పెళ్లి

కార్తీకం వస్తే మన పిల్లలు తప్పకుండా అడిగేది అయ్యప్ప మాల గురించి. 41 రోజులు నల్లబట్టలు, గడ్డం, చెప్పుల్లేని కాళ్లు యూనిట్‌లో కుదరవు. ఆర్మీలో సిక్కులకు తప్ప గడ్డం ఒప్పుకోరు. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎయిర్‌ఫోర్స్‌కు చెందిన ముస్లిం ఉద్యోగి కేసులోనూ అదే ఖాయం చేసింది. కాబట్టి మాల వేసుకోవాలంటే యాన్యువల్ లీవును ఆ నెలలకు ముందే అడిగి పెట్టుకోవాలి. తిరిగి చేరేలోపు గడ్డం తీసేయాలి. యూనిట్‌లో పూజ, మందిర్ పరేడ్ ఉంటాయి, భక్తికి లోటుండదు. శబరిమల మొక్కును రిటైర్మెంటు దాకా వాయిదా వేసుకున్న జవాన్లు నాకు తెలుసు. స్వామి అర్థం చేసుకుంటాడని నేను నమ్ముతాను.

పెళ్లి విషయంలో రెండే చెబుతాను. విదేశీయుల్ని చేసుకోవాలంటే ముందు అనుమతి కావాలి. ఎవరిని చేసుకున్నా పెళ్లైన వెంటనే పార్ట్ టూ ఆర్డర్ వేయించాలి. అది లేకపోతే రికార్డుల్లో భార్య లేనట్టే, రేపు పెన్షన్ దగ్గర ఆ అమ్మాయి కాళ్లరిగేలా తిరగాల్సి వస్తుంది.

పొలం తగాదా, ఊళ్లో కోర్టు కేసు

ఇక్కడ చట్టం జవాను వైపు ఉంది, కానీ చాలామంది వాడుకోరు. సెలవు దొరకడం లేదు, వాయిదాకు పోలేకపోతున్నారు అనుకోండి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 28 ప్రకారం తండ్రికో, అన్నకో మీ తరఫున దావా నడిపే అధికారం రాసివ్వవచ్చు. దాని మీద కమాండింగ్ ఆఫీసర్ ఎదుట సంతకం పెట్టాలి. సెలవు దొరికితే ఆర్మీ చట్టం సెక్షన్ 32 కింద సర్టిఫికెట్ తీసుకుని కోర్టులో ఇవ్వండి. వీలైనంతవరకు ఆ సెలవులోపే కేసు విని తేల్చాలని ఆ సెక్షన్ చెబుతుంది.

యుద్ధ పరిస్థితుల్లోనో, కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లోనో పనిచేస్తుంటే 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం కింద కేసు ఆపమని అడగవచ్చు. మీరు లేకుండా ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేస్తే దాన్ని కొట్టేయమనీ అడగవచ్చు. ఊళ్లో చాలామంది లాయర్లకు కూడా ఈ పాత చట్టం గుర్తుండదు, మీరే పేరు చెప్పండి. సరిహద్దు రాళ్లు జరిపారు, దారి మూసేశారు లాంటివైతే సీఓ సాబ్ చేత కలెక్టరుకూ, ఎస్పీకీ ఉత్తరం రాయించండి. కాపీని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మీ నాన్న చేత ఇప్పించి, రెండు వారాలకోసారి అడిగించండి.

అప్పు కేసులో సివిల్ కోర్టు డిక్రీ ఇచ్చినా జవాను జీతాన్ని జప్తు చేయలేదు, అప్పు కోసం అరెస్టు చేయించలేదు. సెక్షన్లు 28, 29 అవే. అలాగని భార్యాబిడ్డలకు తిండి పెట్టకుండా తప్పించుకోవచ్చనుకుంటే పొరపాటు. వాళ్ల పోషణకు జీతంలోంచి కోసి ఇచ్చే అధికారం సైన్యానికే ఉంది. అమ్మా, నీ భర్త డబ్బు పంపకపోతే పెళ్లి ఫొటో, ఆధార్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు జతచేసి సీఓకు నువ్వే నేరుగా రాయవచ్చు. నీకు వరసా, ఛానలూ అక్కర్లేదు.

చార్జ్ పడితే, ఆ తర్వాత

కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో మీ పరువు, నడవడి ప్రశ్నలోకి వస్తే రూల్ 180 ప్రకారం మొదటి నుంచి చివరిదాకా అక్కడ కూర్చుని సాక్షుల్ని ప్రశ్నించే హక్కు మీది. చార్జ్ చెప్పిన దగ్గర్నుంచి కోర్ట్ మార్షల్ మొదలయ్యేదాకా మామూలు రోజుల్లో కనీసం 96 గంటలు ఉండాలి. సమ్మరీ కోర్ట్ మార్షల్‌లో లాయరు మాట్లాడలేడు, కానీ పక్కన కూర్చుని సలహా ఇచ్చే మనిషిని రూల్ 129 కింద అడిగి పెట్టుకోవచ్చు. అడగకుండా ఎవరూ ఇవ్వరు. అర్థం కాని కాగితం మీద "చదివి ఒప్పుకున్నాను" అని సంతకం పెట్టకండి. శిక్ష పడితే సెక్షన్ 164 కింద పై అధికారికి పిటిషన్ ఉంది. నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు (సర్వీసు రికార్డులో ఎర్రసిరాతో ఎక్కే శిక్షలు) పడ్డాయి కాబట్టి ఇంటికి పంపేస్తామంటే, అది దానంతటదే జరిగే పని కాదని, విచారణ జరిపి పరిస్థితులు చూడాలని 2015లో వీరేంద్ర కుమార్ దూబే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇవన్నీ అయ్యాక ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, అంటే సైనికుల కేసులు వినే ప్రత్యేక న్యాయస్థానం. 2007లో చట్టం చేశారు, 2009లో పని మొదలైంది. మన రాష్ట్రాల కేసులు చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. ప్రమోషన్, జీతం, పెన్షన్, డిస్చార్జ్, కోర్ట్ మార్షల్ శిక్ష, ఇవి అక్కడికి పోతాయి. సెలవు, ట్రాన్స్‌ఫర్, పోస్టింగ్ పోవు, చట్టమే వాటిని బయట పెట్టింది. పోస్టింగ్ మీద కేసు వేస్తానని డబ్బు అడిగే మనుషుల్ని నమ్మకండి. ముందు లోపలి కంప్లైంట్లు పూర్తి చేయాలి. ఆఖరి జవాబు వచ్చిన 6 నెలల్లోపు ట్రిబ్యునల్‌లో వేయాలి. మీ పిటిషన్‌కు 6 నెలలైనా జవాబు రాకపోతే, జవాబు కోసం ఎదురుచూడకుండా వేసుకోవచ్చు.

కాగితాలు చేతిలో లేవంటే సమాచార హక్కు చట్టం ఉంది. బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్‌లను ఆ చట్టం నుంచి చాలావరకు మినహాయించారు గానీ ఆర్మీని మినహాయించలేదు. 10 రూపాయల ఫీజుతో జవాను తన సొంత రికార్డు కోసం పౌరుడిగా అడగవచ్చు. చెన్నై వెళ్లే ముందు కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కాపీ, షీట్ రోల్ (మీ సర్వీసు వివరాల రికార్డు), మీరిచ్చిన ప్రతి అర్జీ కాపీ, స్పీడ్ పోస్టు రసీదులు తేదీ వరసలో ఒక ఫైలులో కుట్టి పెట్టుకోండి. గిద్దలూరు వైపు వాళ్లయితే ఆ ఫైలు పట్టుకుని మా ఇంటికి రండి, లాయరును కలవకముందే నేను ఒకసారి చదివి పెడతాను.